పదకొండు నెలల కౌలు, పదేళ్ల నేల

కమలాపురం, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడిలో రబీ శనగ సాగు చేసే రైతుకు మనం ఇచ్చే సిఫారసులు రెండు రకాలు. విత్తనశుద్ధి, సకాలంలో విత్తడం, శనగపచ్చ పురుగు నివారణ వంటివి ఆ పంటకాలంలోనే ఫలితమిస్తాయి. పశువుల ఎరువు వేయడం, చెరువు మట్టి తోలడం, గొర్రెల మంద నిలపడం, గట్లు కట్టడం వంటివి నేలలో పెట్టే పెట్టుబడులు. వాటి ఫలం రెండు మూడేళ్లకు గాని పూర్తిగా చేతికి రాదు. మొదటి రకం సలహాను ఎవరికైనా చెప్పవచ్చు. రెండవ రకం చెప్పే ముందు ఒక ప్రశ్న వేయవలసి ఉన్నది: ఈ చేను వచ్చే ఏడాది కూడా మీ చేతిలోనే ఉంటుందా?

ఈ ప్రశ్న అరుదైన రైతుకు సంబంధించినది కాదు. 2018-19 వ్యవసాయ సంవత్సరానికి జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని సాగు కమతాలలో నూటికి నలభైకి పైగా కౌలుతో ముడిపడినవే. రాయలసీమలో గుత్తకు గాని, కోరుకు గాని పొలం పుచ్చుకోవడం పాత వాడుక. ఒప్పందం చాలావరకు నోటిమాటే. గుత్త కట్టిన రైతుకు పంట పోయినా బాకీ మిగులుతుంది. కోరు రైతు నష్టంలో యజమానికీ పాలుంటుంది.

భూమి దున్నేవాడు వేరు, కాగితంలో ఉన్నవాడు వేరు అనే స్థితికి చరిత్ర ఉన్నది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత థామస్ మన్రో దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పనిచేశాడు. పొలాలు కొలిపించి, శిస్తు చెల్లించే రైతుతో ప్రభుత్వం నేరుగా వ్యవహరించే రైత్వారీ పద్ధతికి ఇక్కడ పునాది వేశాడు. జమీందారు బెడద లేని ఆ పద్ధతి మేలైనదే. అయితే దాని చూపు పట్టాదారు దగ్గర ఆగిపోయింది. అతని దగ్గర పొలం పుచ్చుకున్నవాడు లెక్కలోకి రాలేదు.

కౌలు చట్టాలు లేకపోలేదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలుకు కనీస కాలం ఆరేళ్లుగా నిర్ణయించింది. ఆచరణలో అది యజమానులకు భయాన్నే మిగిల్చింది. రాసిస్తే పొలం పోతుందనే శంకతో రాయడమే మానుకున్నారు. 2011 చట్టం యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా సాగుదారుకు ఏడాది రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం హక్కును పంటకే పరిమితం చేసి, పదకొండు నెలల కార్డు ఏర్పాటు చేసింది. భూమిపై యజమాని హక్కుకు భంగం లేదని స్పష్టం చేసింది. కాని ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి. అడగడమే కష్టమైన పల్లెలో ఆ సంతకం చిన్న మాట కాదు. పైగా యజమాని అదే పాసు పుస్తకంపై పంట రుణం తీసుకుని ఉంటే, అదే భూమిపై కౌలు రైతుకు అప్పివ్వడానికి బ్యాంకు వెనుకాడుతుంది. మిగిలేది ఎరువుల అంగడిలో అరువు.

ఆరేళ్ల నుండి పదకొండు నెలలకు కుదించిన ఈ కాలమే నేల ఆరోగ్యాన్ని నిర్ణయిస్తున్నదని నా అభిప్రాయం. వేరుశనగకు జిప్సం వేయమంటే కౌలు రైతు వేస్తాడు, ఆ పంటకే ఊడలు నిండుతాయి గనుక. మంద నిలపమంటే తల ఊపి ఊరుకుంటాడు. పులివెందుల వైపు వెళితే ఈ తేడా మరింత కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. చీనీ మొక్క నాటిన తరువాత కాపుకు నాలుగైదేళ్లు పడుతుంది. పదకొండు నెలల హామీతో చీనీ తోట పెట్టే సాహసం ఎవరు చేస్తారు?

దూరదేశంలోనూ ఇదే జరిగింది. దక్షిణ ఘానాలోని అక్వాపిం ప్రాంతంలో మొక్కజొన్న, కర్రపెండలం పండించే రైతులను మార్కస్ గోల్డ్‌స్టీన్, క్రిస్టఫర్ ఉడ్రీ పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. అక్కడ నేల సారం నిలిచేది బీడు వదలడం వల్లనే. ఊరిలో పదవీ పలుకుబడీ లేనివారు, బీడు పెడితే పొలం మరొకరికి పోతుందని తగినంత కాలం వదలలేదు. అందువల్ల వారి దిగుబడి తగ్గింది. వారికి సాగు తెలియక కాదు.

మన సర్వే పత్రాలలో మాత్రం సాంకేతికతను స్వీకరించకపోవడానికి కారణాల పట్టికలో ‘అవగాహన లోపం’ మొదటి వరుసలో ఉంటుంది. కౌలు కాలం చాలా పత్రాలలో అసలు ఉండదు. అడగనిది లెక్కకు రాదు. గ్రామీణ పని అనుభవానికి వెళ్లే విద్యార్థులు వనరుల పటం గీసేటప్పుడు ప్రతి చేనుకూ సొంతమా, గుత్తా, కోరా, ఎన్నేళ్లుగా అని గుర్తించవచ్చు. ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు ప్రదర్శన క్షేత్రాలను ఎంపిక చేసేటప్పుడు కౌలు చేలకు కొంత వాటా కేటాయించవచ్చు. అప్పుడు కౌలు రైతుకు ఏడాదిలోనే ఫలితమిచ్చే సిఫారసులు ఏవో తేలుతాయి. మంద ఖర్చును యజమానీ కౌలుదారూ పంచుకునే ఒప్పందాన్ని కూడా అక్కడే పరీక్షించి చూడవచ్చు. పరిహారం, బీమా, మద్దతు ధర కొనుగోలు ఈ-పంట నమోదుతో ముడిపడి ఉన్నందున, విత్తన శిక్షణ జరిగే రోజునే సాగుదారు పేరు ఆ నమోదులో ఎక్కిందో లేదో చూడడం కూడా విస్తరణ పనిలో భాగమే.