మణికట్టున గుండెకు మార్గము

నాడి చూచుటకు వైద్యుడు వ్రేళ్లానించు మణికట్టు ధమనియే నేడు గుండెకు ద్వారమైనది. ఈ మార్గమున హృదయ ధమనులను పరీక్షించు విధమును 1989లో కెనడా వైద్యుడు లూసియన్ కాంపో ప్రకటించెను. తొడ మార్గముకంటె దీనిలో రక్తస్రావము తక్కువ. రోగి త్వరగా లేచి నడువగలడు.

కాని ఈ ధమని పెద్దలలో సాధారణముగా 2 మొదలు 3 మిల్లీమీటర్ల వెడల్పు గలది. స్త్రీలలో మరికొంత సన్నము. బొటనవ్రేలి మొదటి పల్లమున ఇంకను సన్నము. తరచుగా వాడు 6వ సంఖ్య గొట్టపు తొడుగు వెలుపలి వెడల్పు సుమారు 2.5 మిల్లీమీటర్లు. తొడుగు ధమనికంటె లావైనచో లోపొర ఒరసికొని, పిదప ధమని పూడుకొనవచ్చును. రెండవ ధమని రక్తము నందించుటచే చేతికి సామాన్యముగా ముప్పు లేదు. అయినను ఆ మార్గము మరల గుండె చికిత్సకు గాని, డయాలిసిస్‌కు గాని అక్కరకు రాకపోవచ్చును.

అందుచే కొలత ముందు, తొడుగు తరువాత. అల్ట్రాసౌండు పరికరమును చర్మముపై నుంచగా, చెవికందని ధ్వనితరంగములు ధమని గోడలను తాకి మరలివచ్చి తెరపై చిత్రమగును. లోగోడల నడిమి దూరమే కొలత. ఇందు ఎక్స్‌రే లేదు, నొప్పి లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలనుండి హైదరాబాదునకో విజయవాడకో ఈ చికిత్సకై పోవువారు తమకు మూత్రపిండముల వ్యాధి యున్నచో దానిని, ఆ చేతికి పూర్వము జరిగిన చికిత్సను వైద్యునికి తప్పక తెలుపవలయును. ధమనిని కొలిచిరా యని అడుగుటయు తప్పు కాదు. ఛాతినొప్పి హఠాత్తుగా వచ్చినపుడు మాత్రము కొలతలకై యాలోచింపక వెంటనే 108నకు ఫోను చేయవలయును.