ఈశాన్య వానలకు ముందే ఫ్లూ టీకా

ఫ్లూ టీకా ఎప్పుడు వేయించుకోవాలన్నది ఏ ప్రాంతానికి ఆ ప్రాంతమే చూసుకోవాలి. మన తిరువళ్లూరు, తిరుత్తణి వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. దేశంలోని పలు నగరాల్లో ఫ్లూ కేసులను గమనించి 2015లో వెలువరించిన ఒక అధ్యయనంలో తేలిందేమంటే, ఢిల్లీ, పుణె లాంటి చోట్ల నైరుతి వానల్లో జబ్బు ముమ్మరమైతే, చెన్నై, వేలూరుల్లో ఈశాన్య వానల్లో ముమ్మరమవుతోంది. మనం ఉన్నది ఆ రెండు ఊళ్ల నడుమే.

టీకా వేయించుకున్నాక ఒంట్లో రక్షణ పుట్టడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. కొన్ని నెలలకు అది తగ్గుతూ వస్తుంది. అందుకే మనకు సెప్టెంబరు మంచి అదను. వానలు మొదలయ్యాక గుర్తొచ్చినా మానుకోవద్దు, అప్పుడైనా వేయించుకోవచ్చు.

నిరుడు వేయించుకున్నాం కదా, మళ్లీ ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఫ్లూ వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఏ రకాలుండాలో చెబుతుంది. 2009లో అందరినీ వణికించిన స్వైన్ ఫ్లూ వైరస్ సంతతి ఇప్పుడు మామూలు సీజను ఫ్లూలో కలిసిపోయింది, దానికీ ఈ టీకాలోనే రక్షణ ఉంది. బి రకంలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ఎక్కడా కనబడలేదు కాబట్టి, నాలుగు రకాల టీకా స్థానంలో మూడు రకాలది వస్తోంది. మూడే ఉన్నాయని అది నాసిరకం అనుకోకండి.

టీకా వల్లే ఫ్లూ వస్తుందన్న భయం నిజం కాదు. మన దగ్గర సూదితో వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. అలాగని ఇది పూర్తి కవచమూ కాదు. వైరస్‌కు బాగా సరిపోలిన ఏడాదిలో, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే అవకాశాన్ని 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది. షుగరు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారికీ, 65 దాటిన పెద్దలకీ ఆ మాత్రం తగ్గుదలే ప్రాణాధారం. వాళ్లకు ఫ్లూ న్యుమోనియాగా ముదిరే ప్రమాదం ఎక్కువ.

గర్భిణుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఈ టీకా వేయకూడదు. కానీ తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏ నెలలో వేయించుకున్నా, ఆమె రక్షణ కడుపులోని బిడ్డకు చేరి, పుట్టాక తొలి నెలల్లో కాపాడుతుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి.

వైద్య వీరరాఘవస్వామికి మొక్కుకోవడానికి అమావాస్యనాడు తిరువళ్లూరు వచ్చేవాళ్లలో జబ్బుపడ్డ పెద్దలు ఎందరో. ఆడికృత్తికకు తిరుత్తణి కొండమీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకరి దగ్గు పదిమందికి అంటుకునే చోట్లివి. మొక్కు మానమని కాదు, టీకా వేయించుకుని వెళ్లమనే నా మాట.

పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో ఇది లేదు, సాధారణంగా ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బు పెట్టి వేయించుకోవాలి. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టినా పాడైపోతుంది. మందుల షాపులో కొని సంచిలో వేసుకుని ఎండలో బస్సెక్కకండి, నిల్వ ఉన్న ఆస్పత్రిలోనే వేయించుకోండి. అమ్మానాన్నలను ఈసారి షుగరు పరీక్షకు తీసుకెళ్లినప్పుడు, ఈ టీకా గురించి కూడా డాక్టరును అడగండి.