తిట్టు కనపడని విద్వేషం

నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు నేను పాఠాలు చెప్పిన బడిలో ఒడిశా కూలీల పిల్లలూ ఉండేవాళ్లు. వాళ్ల నాన్నల చెమట లేకుండా మా తీరంలో పనులు సాగవు. అందుకే బయటివాళ్ల మీద పుకారు పుట్టినప్పుడల్లా నాకు ముందు ఆ పిల్లలే గుర్తొస్తారు.

2018 వేసవిలో తెలుగు రాష్ట్రాల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్ హోరెత్తింది. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ తొలి కొవిడ్ కేసు మా నెల్లూరులోనే బయటపడింది. ఆ నెలాఖరుకు ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన మత సమావేశం పేరుతో ఒక మతాన్నే దోషిని చేసే హ్యాష్‌ట్యాగులు దేశమంతా తిరిగాయి.

ఇలాంటి రాతల్ని కంప్యూటరు పట్టాలంటే ముందు మనుషులు వేల వ్యాఖ్యలు చదివి, ఏది విద్వేషమో గుర్తు పెట్టాలి. వాటిని చూసి అది నేర్చుకుంటుంది. మనవాళ్లేమో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు రాస్తారు. 2024లో ద్రావిడ భాషల కంప్యూటింగ్ కోసం నడిచే ద్రవిడియన్‌లాంగ్‌టెక్ వర్క్‌షాప్ ఇలాంటి కలగలుపు తెలుగులో విద్వేషాన్ని పట్టడం మీదే పోటీ పెట్టింది.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ రెండూ చూడండి. "ఆ దొంగ నాకొడుకు నా రొయ్యల బాకీ ఎగ్గొట్టాడబ్బయా!" "అమ్మలారా, జాగ్రత్త. హిందీవాళ్లు సందుల్లో తిరుగుతున్నారు. కనపడితే వదలొద్దు. అందరికీ పంపండి." మొదటిదాంట్లో తిట్టుంది, కోపం ఒక్కడి మీదే. రెండోదాంట్లో తిట్టే లేదు, ప్రాణాలు తీసేది మాత్రం అదే. తిట్లు వెతికే యంత్రం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. ఒక జనం మొత్తాన్ని అంటున్నారా, వాళ్లవల్ల ముప్పని భయపెడుతున్నారా, ఏదో చెయ్యమని ఉసిగొల్పుతున్నారా: గుర్తులు పెట్టేవాళ్లు ఈ మూడూ చూడాలి. వాళ్లలో మా తీరం మాట తెలిసినవాళ్లుండాలి, వలస కూలీలూ ఉండాలి.

వాట్సాప్ సందేశాలు ఎన్‌క్రిప్షన్‌లో ఉంటాయి కాబట్టి కంపెనీకి కూడా చదివే వీల్లేదు. అందుకే 2018లో మన దేశంలో ఫార్వర్డులను ఐదు చాట్లకు, 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగినవాటిని ఒక్క చాటుకు కుదించారు. మిగతా పని మనుషులదే. అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి 2018లో పోలీసుల్నీ జానపద కళాకారుల్నీ ఊరూరా పంపి, ఆ పిల్లల దొంగల పుకార్లు అబద్ధమని చెప్పించారు.

మన గ్రూపులో అలాంటి పుకారు వస్తే డిలీట్ చేసి ఊరుకుంటే చాలదు. అబద్ధమని అక్కడే, అందరికీ కనపడేలా రాయాలి. ఆ ఒక్క మాట పక్క వీధి కూలీ ప్రాణం కాపాడొచ్చు.