రంగు పేరు చెప్పే గళ్ళ పటం

ఆర్ అనే కంప్యూటర్ భాషకు 657 రంగుల పేర్లు తెలుసు. స్టాటిస్టిక్స్ చదివే పిల్లలున్న ఇళ్ళలో ఈ భాష పేరు వినే ఉంటారు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అనే ఇద్దరు 1990లలో దీన్ని తయారుచేశారు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పట్టికలు, సగటులు, గ్రాఫులు దీని పని. ఈ భాషతోనే, మౌస్ నొక్కిన చోట ఏ రంగు ఉందో చెప్పే చిన్న పరికరం ఒకటి ఇంట్లో తయారుచేసుకున్నాం. అది ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి.

మావారికి బదిలీ అయి మేము బిలాస్‌పూర్ వచ్చాం. ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఉన్న ఊరు ఇది. రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది కనిపిస్తారు. మా పక్కింటివారూ అలాంటివారే. తాతగారు ఇంజన్ డ్రైవరుగా రిటైరయ్యారు. మనవడికీ అదే ఉద్యోగం కావాలని కోరిక. అసిస్టెంట్ లోకో పైలట్ రాతపరీక్ష గట్టెక్కాడు. వైద్య పరీక్షలో రంగు చుక్కల మధ్య దాగిన అంకెలు చదవమన్నారు. చదవలేకపోయాడు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా అతనికి సరిగా తెలియదన్న సంగతి ఇరవై ఒకటో ఏట బయటపడింది.

ఆ చుక్కల పలకలను జపాన్ వైద్యుడు షినొబు ఇషిహారా 1917లో ప్రచురించారు. రైల్వేలో రంగుల పరీక్ష అంతకంటే పాతది. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నాయి. ఆ తరువాత హోమ్‌గ్రెన్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు రంగు ఊలు దారాలు ముందు పెట్టి రైల్వే సిబ్బంది చూపును పరీక్షించడం మొదలుపెట్టారు. రాత్రిపూట సిగ్నల్ రంగు చూసి బండి నడపాల్సిన ఉద్యోగం కాబట్టి ఆ నియమాన్ని తప్పుపట్టలేం. పిల్లవాడూ పట్టలేదు. బాధంతా వాళ్ళమ్మది. ఈ లోపం ఎక్స్ క్రోమోజోము ద్వారా తల్లి నుంచి కొడుక్కి వస్తుందని ఎవరో చెప్పారట. నిజమే, కానీ అలా అందించిన తల్లికి తన చూపులో సాధారణంగా ఏ తేడా తెలియదు. ముందుగా తెలుసుకునే దారి ఆమెకు లేదు. ఈ రెండో సగం చెప్పిన చుట్టం ఒక్కరూ లేరు.

పిల్లవాడు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరాడు. నేనూ అదే చదివాను కాబట్టి సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటాడు. ఒకరోజు పాఠ్యపుస్తకంలో మూడు గీతల గ్రాఫు చూపించి, "ఆంటీ, ఎర్ర గీత పడిపోతోంది అని రాశారు. ఇందులో ఏది ఎర్రది?" అన్నాడు. పరికరం పని ఆ రోజే మొదలైంది.

మొదటి మెట్టు గళ్ళ పటం. 657 రంగులు పట్టాలంటే అడ్డంగా 26, నిలువుగా 26 గళ్ళు చాలు. మొత్తం 676 అవుతాయి, చివర 19 ఖాళీగా మిగులుతాయి. రంగుల పేర్ల జాబితా ఇచ్చే ఆజ్ఞ 'కలర్స్'. అందులో మొదటిది తెలుపు, 26వది నీలం, 254వది ఆకుపచ్చ, 552వది ఎరుపు. వరుసగా ఒక్కో గడిలో ఒక్కో రంగు నింపాం.

రెండో మెట్టు 'లొకేటర్' అనే ఆజ్ఞ. ఇది ఇచ్చాక కంప్యూటర్ మన క్లిక్ కోసం కాచుకుని ఉంటుంది. నొక్కగానే ఎడమ నుంచి ఎంత దూరం, కింది నుంచి ఎంత ఎత్తు అని రెండు సంఖ్యలు ఇస్తుంది. ఉదాహరణకు 2.4, 24.3 వచ్చాయనుకోండి. 2.4ను పైకి సవరిస్తే మూడో నిలువు వరుస. మన గళ్ళు పైనుంచి మొదలవుతాయి, ఎత్తు మాత్రం కిందినుంచి కొలుస్తారు. కాబట్టి 26 లోంచి 24.3 తీసేస్తే 1.7, అంటే రెండో అడ్డ వరుస. మొదటి వరుసలోని 26కు 3 కలిపితే 29. జాబితాలో 29వ పేరు 'బ్లూ3', ముదురు నీలం. తెర మీద ఆ పేరు రాయిస్తే పరికరం తయారైనట్టే. పట్టుమని పది పన్నెండు లైన్ల ప్రోగ్రాము.

ఇంతవరకూ అది తనకు తెలిసిన రంగుల పేరే చెబుతుంది. పుస్తకంలోని గ్రాఫు రంగు చెప్పాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. తెర మీది ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా వెలుగు. అలా 1,67,77,216 రంగులు సాధ్యం, పేర్లున్నవి 657. వాటిలోనూ బూడిద రంగునే అమెరికా స్పెల్లింగుతో ఒకసారి, ఇంగ్లండు స్పెల్లింగుతో ఒకసారి రాసి ఇద్దరు మనుషుల్లా లెక్కపెట్టారు. కాబట్టి ఫోటోలో నొక్కిన చుక్కకు అతి దగ్గరి పేరు వెతకాలి. చుక్క విలువలు 250, 105, 70 అనుకుందాం. 'టొమాటో' రంగు 255, 99, 71. తేడాలు 5, 6, 1. వాటి వర్గాలు కూడితే 62, వర్గమూలం సుమారు 7.9. హైస్కూల్లో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతమే ఇది. ఇలా 657 పేర్లకూ దూరం లెక్కకట్టి, అన్నిటికంటే తక్కువ వచ్చిన పేరు చెప్పించాం. అయితే కంటికి కనిపించే తేడా ఈ దూరంతో అన్నిచోట్లా సరిపోదు. 1976లో నిర్ణయించిన 'ల్యాబ్' కొలతలోకి మార్చి లెక్కకడితే మెరుగ్గా వస్తుంది. మార్చడానికి ఆర్‌లోనే ఆజ్ఞ ఉంది.

దీన్నే బ్రౌజర్‌లో నడిచేట్టు చేయడానికి 2012లో వచ్చిన 'షైనీ' పనికొస్తుంది. రంగును ఎంచుకునే డబ్బా తయారుగా దొరికే 'కలర్‌పికర్' ప్యాకేజీ కూడా ఉంది. ఆఫీసు పనికైతే అదే వాడుకోవచ్చు. నేర్చుకునే పిల్లలు మాత్రం ఒక్కసారి సొంతంగా కట్టి చూడాలని నా అభిప్రాయం.

మావారు బ్రాంచి సమావేశానికి తయారుచేసిన చార్టు మీదా దీన్ని ప్రయోగించాం. లక్ష్యం చేరినవి ఆకుపచ్చ, చేరనివి ఎరుపు. 'డైక్రోమాట్' అనే ప్యాకేజీ, రంగులు సరిగా తెలియని కంటికి ఒక చిత్రం ఎలా ఉంటుందో చూపిస్తుంది. అందులోంచి చూస్తే రెండు కడ్డీలూ ఇంచుమించు ఒకే మట్టిరంగు! మావారు కాసేపు మాట్లాడలేదు. జపాన్‌కు చెందిన ఒకాబే, ఇతో అనే శాస్త్రవేత్తలు అందరికీ తేడా తెలిసేలా ఎంచిన రంగుల వరుస 2020 నుంచి ఆర్‌లోనే చేర్చి ఉంది. అందులోంచి నీలం, నారింజ తీసుకుని, కడ్డీల మీద అంకెలు కూడా వేశారు.

ఒక చిక్కు మిగిలింది. అదే చీరను ట్యూబులైటు కింద ఫోటో తీస్తే ఒక పేరు, ఎండలో తీస్తే ఇంకో పేరు వస్తోంది. పక్కన తెల్ల కాగితం పెట్టి తీసి, ఆ తెలుపును బట్టి సవరించే పని ఇప్పుడు పిల్లవాడు చేస్తున్నాడు.

వాళ్ళమ్మగారు రంగుల పేర్లను తెలుగులోకి మార్చే పనిలో కూర్చున్నారు. 'టొమాటో' అంటే నేను ఏ చీర కొనాలి అని ఆవిడ ప్రశ్న. కనకాంబరం, వంగపండు, నెమలికంఠం, మెంతి రంగు, చిలకపచ్చ, ఇటుక రంగు... ఒక్కో పేరుకూ బీరువాలోంచి బట్ట తీసి ఫోటోకి ఇస్తున్నారు. ఇప్పటికి 41 అయ్యాయి. మెంతి రంగు ఏదన్నదాని మీద ఆవిడకీ అత్తగారికీ ఇంకా రాజీ కుదరలేదు.