రోప్‌వే వస్తే అరకు యువతకు ఏ ఉద్యోగం?

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైల్లో, అద్దాల విస్టాడోమ్ పెట్టెలో ఎప్పుడైనా కూర్చున్నారా? శివలింగపురం దాటాక ఒకదాని వెనక ఒకటి సొరంగాలు. మధ్యలో కళ్లు తిరిగేంత లోతైన లోయలు. అప్పుడు పెట్టెలో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట: ‘ఇక్కడ ఓ రోప్‌వే పడితేనా..!’

పడొచ్చు, పడకపోవచ్చు. ఉద్యోగం కోసం చూస్తున్న మనం అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరే ఉంది. రేపు అరకులోనో, మరో కొండ మీదో రోప్‌వే వస్తే అందులో స్థానిక కుర్రాళ్లు, అమ్మాయిలు ఏ పనిలో ఉంటారు? గేటు దగ్గర టికెట్లు చింపుతూనా, కంట్రోల్ రూమ్‌లోనా? జవాబు ఇప్పుడు మనం నేర్చుకునే పనిలో ఉంది.

మట్టి బుట్టల నుంచి మొదలు

తాడు మీద బండి నడపడం సరదా కోసం పుట్టిన ఆలోచన కాదు. 1644లో ఇప్పటి పోలండ్‌లోని గ్డాన్‌స్క్ నగరంలో ఆడమ్ వీబ్ అనే ఇంజినీరు కోట బురుజు కట్టడానికి మట్టి బుట్టలను తాడుకు వేలాడదీసి నది దాటించాడు. 1834లో జర్మనీలోని హార్జ్ గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలను పేని తాడు తయారుచేశాడు. అక్కడి నుంచి బరువులు మోసే రోప్‌వేల దారి మారిపోయింది. మన దేశంలోనూ ఝరియా బొగ్గు గనులకు దామోదర్ నది ఇసుకను రోప్‌వేలే మోశాయి.

వినోదం తర్వాత వచ్చింది. 1956 జూన్‌లో అమెరికాలోని డిస్నీలాండ్‌లో ‘స్కైవే’ మొదలైంది. దాన్ని తయారుచేసింది స్విట్జర్లాండ్ కంపెనీ వాన్ రోల్. పార్కును పైనుంచి చూస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడం అప్పట్లో పెద్ద వింత. తర్వాత ఎన్నో పార్కులు ఇలాంటివే పెట్టుకున్నాయి. డిస్నీలాండ్ స్కైవే 1994లో మూతపడింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2019లో ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో ‘స్కైలైనర్’ వచ్చింది. హోటళ్ల నుంచి పార్కులకు జనాన్ని చేర్చే రవాణా వ్యవస్థ అది. అంటే ఒకప్పటి జాలీ రైడ్ ఇప్పుడు బస్సు చేసే పని చేస్తోంది.

మన దగ్గర ఎక్కడున్నాం?

విశాఖ కైలాసగిరి రోప్‌వే ఎక్కని ఉత్తరాంధ్ర విద్యార్థులు తక్కువే. శ్రీశైలంలో పాతాళగంగకు దిగే రోప్‌వే కూడా మనకు తెలిసిందే. కశ్మీర్‌లో గుల్మార్గ్ గొండోలా మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో వచ్చాయి. గుజరాత్‌లోని గిర్నార్ కొండకు 2020 అక్టోబరులో సుమారు 2.3 కిలోమీటర్ల రోప్‌వే ప్రారంభమైంది.

కేంద్రం 2022-23 బడ్జెట్‌లో ‘పర్వతమాల’ పేరుతో జాతీయ రోప్‌వే కార్యక్రమాన్ని ప్రకటించింది. 2025 మార్చిలో సోన్‌ప్రయాగ్ - కేదార్‌నాథ్ రోప్‌వేకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పొడవు 12.9 కిలోమీటర్లు, అంచనా వ్యయం రూ.4,081 కోట్లు. ఇప్పుడు 8, 9 గంటలు పట్టే ప్రయాణం 36 నిమిషాలకు తగ్గుతుందని ప్రభుత్వం చెబుతోంది. వారణాసిలో రైల్వేస్టేషన్ నుంచి గొదౌలియా వరకు పట్టణ రవాణా కోసమే రోప్‌వే పనులు చేపట్టారు. అది కడుతున్నది హైదరాబాద్‌కు చెందిన విశ్వ సముద్ర ఇంజినీరింగ్, స్విస్ కంపెనీ బార్తొలెట్‌తో కలిసి. తెలుగు కంపెనీలు కూడా ఈ రంగంలోకి దిగాయన్న మాట.

అసలు ఎలా నడుస్తుంది?

బావి గిలకను గుర్తుచేసుకోండి. రోప్‌వేకు రెండు చివర్లా రెండు పెద్ద గిలకలు. వాటి చుట్టూ మొదలూ చివరా లేకుండా అతికిన ఉక్కు తాడు. ఒక గిలకను మోటారు తిప్పుతుంది, తాడు కదులుతుంది. మధ్యలో టవర్ల మీద వరసగా చిన్న చక్రాలు తాడును మోస్తాయి. తాడు వదులైపోకుండా బరువులో, హైడ్రాలిక్ సిలిండర్లో లాగిపట్టి ఉంచుతాయి.

కేబిన్‌ను తాడుకు పట్టి ఉంచేది గ్రిప్. బట్టలారేసే తీగకు పెట్టే క్లిప్పు లాంటిదే, కాకపోతే మనుషుల ప్రాణాలు దాని మీద ఉంటాయి. కొన్నిటిలో గ్రిప్ ఎప్పుడూ తాడును వదలదు. జనం ఎక్కాలన్నా దిగాలన్నా మొత్తం వ్యవస్థే నెమ్మదించాలి. కొత్త రకంలో కేబిన్ స్టేషన్‌లోకి రాగానే గ్రిప్ తాడును వదిలేస్తుంది. కేబిన్ మెల్లగా పాకుతుంటే వృద్ధులు, దివ్యాంగులు కూడా నింపాదిగా ఎక్కుతారు. బయట తాడు వేగం తగ్గదు. ఇంకా పెద్దవాటిలో మోయడానికి రెండు తాళ్లు, లాగడానికి ఒకటి. ఇవి గాలి తాకిడిని బాగా తట్టుకుంటాయి. కేదార్‌నాథ్‌కు ఎంచుకున్నది ఈ మూడు తాళ్ల పద్ధతే.

పాత రోప్‌వేలను ఆధునికీకరించడమంటే కేబిన్లకు కొత్త రంగులు వేయడం కాదు. తాడు పక్కకు జరిగితే క్షణాల్లో బండిని ఆపే సెన్సర్లు, గాలి వేగం కొలిచే యంత్రాలు, కరెంటు పోయినా కేబిన్లను స్టేషన్‌కు చేర్చే రెండో ఇంజిన్, ప్రతి కేబిన్‌తో మాట్లాడే ఏర్పాటు... ఇవీ అసలు మార్పులు.

ప్రమాదాలు నేర్పిన పాఠం

2003లో డార్జిలింగ్ రోప్‌వేలో కేబిన్లు పడి నలుగురు చనిపోయారు. అది మళ్లీ తెరుచుకోవడానికి 2012 దాకా పట్టింది. 2022 ఏప్రిల్ 10న ఝార్ఖండ్‌లోని త్రికూట్ కొండపై రోప్‌వే ఆగిపోయి పదుల మంది గాల్లో చిక్కుకున్నారు. వైమానిక దళం, ఎన్‌డీఆర్‌ఎఫ్, ఐటీబీపీ, సైన్యం దిగినా అందరినీ దించడానికి 40 గంటలకు పైనే పట్టింది. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. హెలికాప్టర్లు రాకముందే తాళ్ల సాయంతో కొందరిని కిందకు దించింది మాత్రం ఆ కొండ గురించి, ఆ యంత్రం గురించి తెలిసిన స్థానికులే.

కొండ మీది యంత్రానికి పక్క ఊళ్లోనే పనితెలిసిన మనిషి ఉండాలనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

అరకుకు వస్తే...

ఇక్కడ కొండ ఒక్కటే కాదు, చట్టం కూడా ఉంది. అరకులోయ అయిదో షెడ్యూలు ప్రాంతం. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా 1/70 చట్టం ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై వచ్చిన ‘సమత’ కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును దేశమంతా ఇప్పటికీ ఉదహరిస్తుంది. షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదన్నది దాని సారం. కాబట్టి బొర్రా దగ్గరో గాలికొండ దగ్గరో రోప్‌వే అనగానే ముందు అడగాల్సింది ఆ ఊరి వాళ్లనే.

ఇంకో మాట. ఈ కొండల్లో ఇప్పటికీ రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీలో మోసుకొస్తున్నారు. కొలంబియాలోని మెడెయిన్ 2004లో, బొలీవియాలోని లా పాజ్ 2014లో కొండవాలు పేటల జనం కోసం రోప్‌వేలు నడిపాయి. అక్కడ కొండల మీద ఇళ్లు కిక్కిరిసి ఉంటాయి. మన గూడేలు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ముందు కావాల్సింది రోడ్డే. అయినా పర్యాటకుడి ఫొటో కోసమే కాకుండా ఊరి అవసరానికి కూడా తాడు పనికొస్తుందా అని లెక్కవేసే ఇంజినీరు ఈ ఊళ్ల నుంచే రావాలి.

మీరేం నేర్చుకోవచ్చు?

రోప్‌వే కోసమే ప్రత్యేక డిగ్రీ ఉండాలని లేదు. మామూలు చదువుకు ఒక అదనపు నైపుణ్యం జోడిస్తే చాలు.

• ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్: గిలకలు, బేరింగులు, బ్రేకులు, మోటార్ల నిర్వహణ. రోజూ ఉదయం మొదటి కేబిన్ కదలడానికి ముందు తనిఖీ చేసేది వీళ్లే.

• డిప్లొమా, బీటెక్ మెకానికల్, ఎలక్ట్రికల్: డ్రైవ్, గేర్‌బాక్స్, పీఎల్‌సీ కంట్రోల్. పీఎల్‌సీ వస్తే లిఫ్టులు, క్రేన్లు, ఫ్యాక్టరీలు ఎక్కడైనా పని ఉంటుంది.

• సివిల్, సర్వే, జియాలజీ: టవర్ పునాదులు, కొండచరియల అంచనా.

• ఎన్‌డీటీ: తాడును కోయకుండానే లోపల తెగిన తీగలను పట్టే పరీక్ష. ధన్‌బాద్‌లోని సీఎస్‌ఐఆర్-సింఫర్ సంస్థ గనుల, రోప్‌వేల తాళ్లకు ఇలాంటి పరీక్షలు చేస్తుంది. ఐఎస్‌ఎన్‌టీ వంటి సంస్థల సర్టిఫికెట్ కోర్సులు చూడండి. విశాఖలోని ఉక్కు, నౌకా, చమురు పరిశ్రమల్లోనూ ఈ నైపుణ్యం పనికొస్తుంది.

• రోప్ యాక్సెస్, రెస్క్యూ: ఎత్తులో తాడుకు వేలాడుతూ పనిచేయడం. ఐరాటా సర్టిఫికెట్‌కు మూడు స్థాయిలున్నాయి. చిన్నప్పటి నుంచి కొండలెక్కిన వాళ్లకు ఇది అచ్చొచ్చే పని.

ముందుగా ఒక పని చేయండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, మీ ట్రేడుకు దగ్గర్లో ఉన్న ఖాళీలు చూడండి. ఇంకొకటి, ఈసారి కైలాసగిరి వెళ్లినప్పుడు కేబిన్‌లో సెల్ఫీ దిగాక కాసేపు స్టేషన్‌లో నిలబడండి. గిలక ఎలా తిరుగుతోందో, బ్రేకు ఎక్కడుందో, బండి ఆగిపోతే ఎవరు పరుగెత్తుతారో గమనించండి. వీలుంటే అక్కడి టెక్నీషియన్‌ను ఏం చదివారో అడగండి.

అరకులో రోప్‌వే పడే రోజు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చాక నేర్చుకుందామంటే మాత్రం ఆ ఉద్యోగం అప్పటికే పైఊరి వాళ్లకు వెళ్లిపోతుంది. రాకపోయినా నష్టం లేదు. ఈ నైపుణ్యాలకు వేరే చోట్ల కూడా జీతం ఉంది.