మీకు తెలుసా? పిక్ పట్టుకునే తీరు

గిటార్ పిక్‌ను వేలికొసలతో పట్టుకోరు. చూపుడువేలిని కాస్త వంచి, దాని చివరి కణుపు పక్కన పిక్‌ను ఆనిస్తారు. పైనుంచి బొటనవేలు దాన్ని అదిమి ఉంచుతుంది. మొన మాత్రం కొద్ది మిల్లీమీటర్లు బయటికి కనిపించాలి. కొత్తగా నేర్చుకునేవారు పిక్ జారిపోతుందన్న భయంతో గట్టిగా బిగిస్తారు. దాంతో మణికట్టు బిగుసుకుని, నాదం గరుకుగా వస్తుంది. గురువు మొట్టమొదట దిద్దవలసింది ఈ బిగువునే. పిక్ జారినా ఫరవాలేదు, చెయ్యి వదులుగా ఉండాలి. తీగలన్నీ కలిపి మీటే తొలి పాఠాలకు, సులువుగా వంగే పలుచని పిక్ మేలు.

పిక్ లేని గిటార్ సంప్రదాయమూ ఉంది. చెన్నై మైలాపూరులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం అభ్యసించిన ఇళయరాజా, లండన్ ట్రినిటీ సంగీత కళాశాల పరీక్షలో స్వర్ణపతకం పొందింది క్లాసికల్ గిటార్‌లో. దాన్ని వేళ్లతో, గోళ్లతో మీటుతారు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ వాయించినది మాత్రం పిక్‌తో మీటే వాద్యం. కర్ణాటక కచేరీలో దానికి గౌరవస్థానం తెచ్చింది ఆయనే. వీణకు పిక్ పట్టుకునే పనే లేదు. చూపుడు, మధ్య వేళ్లకు లోహపు తీగతో చేసిన మీటులు తొడుక్కుంటారు, లేదా గోళ్లతోనే వాయిస్తారు.