ఔటర్ మీదికి బైకును ఎందుకు రానివ్వరు?

శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లు, లారీలు దూసుకుపోతుంటాయి. బైకు, స్కూటరు మాత్రం కనపడవు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి వాటిని అనుమతించరు. ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే. ఎందుకు?

కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, ముందు స్కూటరు 50తో వెళ్తున్నాయనుకోండి. మధ్యలో 100 మీటర్ల దూరం ఉన్నా ఏడు సెకన్లలో కారు స్కూటరును అందుకుంటుంది. పక్కనుంచి పెద్ద లారీ వేగంగా దాటితే ఆ గాలికి బండి అటూ ఇటూ ఊగుతుంది కూడా.

అందుకే బైకులకు సర్వీసు రోడ్లు, 44వ నంబరు జాతీయ రహదారే దిక్కు. అక్కడా లారీలుంటాయి. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, మీరూ అతనికి కనిపించరు. అలాంటి చోట ఆగిపోకండి.

ఇక హెల్మెట్ ఎలా కాపాడుతుంది? లోపల థర్మోకోల్ లాంటి మందమైన పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది నలుగుతుంది. తల ఒక్కసారిగా కాక, కాస్త నెమ్మదిగా ఆగుతుంది. నలిగిన పొర మళ్లీ లేవదు కాబట్టి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చాల్సిందే. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడేటప్పుడు తల నేలకు తగలకముందే హెల్మెట్ ఊడి ఎగిరిపోవచ్చు. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి. వెనక కూర్చున్నవారికీ!